ఆంటీ కప్పుకి ఎన్ని గ్రాములు

ఆంటీ పోయారని ఆదివారం పొద్దున్నే అంకుల్ ఫోన్ చేసి చెప్పారు. "నిద్దర్లోనే ఎల్లిపోనాది తల్లీ. టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు" అన్నారు. ఏడుపు లేదు, తడబాటు లేదు. డ్యూటీ దిగే సిపాయి రిపోర్టు ఇచ్చినట్టు రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశారు. మాది వాళ్ళ పై ఫ్లాటు. లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద నుంచి పరిగెత్తాను.

తలుపు తీసే ఉంది. ఆంటీ మంచం మీద గోడవైపు తిరిగి, రోజూ పడుకునేట్టే పడుకుని ఉన్నారు. పక్కన స్టూలు మీద టీ చల్లారిపోయి మీగడ కట్టింది. అంకుల్ అక్కడ లేరు. వంటింట్లో మైదా డబ్బా మూత తీసి చేత్తో పట్టుకుని, డబ్బాలోకి చూస్తూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "దారికేటీ చెయ్యలేదమ్మా. ఉత్త చేతుల్తో ఎలాగ పంపుతాం?" అన్నారు.

అప్పటిదాకా ఎలాగో బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటతో బయటికొచ్చేసింది. మూత ఆయన చేతిలోంచి తీసుకుని డబ్బాకి పెట్టి, ఆయన్ని హాల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఆ మాట వెనక ఏముందో మీకు చెప్పాలంటే ఆంటీ గురించి మొదటినుంచీ చెప్పాలి.

ఆంటీది శ్రీకాకుళం జిల్లా, పలాస వైపు. అంకుల్ సైన్యంలో, సరుకుల సరఫరా విభాగంలో పనిచేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆంటీ కాపురం కంటోన్మెంటు క్వార్టర్లలోనే సాగింది. ఫౌజీ క్వార్టర్లలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా బదిలీ ఆర్డరు రాగానే వాళ్ళ వంటిల్లు ముందు మూతపడుతుంది. గ్యాసు సిలిండరు వాపసు చేసేస్తారు. గిన్నెలన్నీ నల్ల ట్రంకు పెట్టెల్లోకి ఎక్కేస్తాయి. ఇక రైలెక్కేదాకా వాళ్ళకి కాఫీ దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా ఇరుగుపొరుగు వాళ్ళే వంతులేసుకుని పెట్టాలి. ఆ వంతుల్లో ఆంటీది ఎప్పుడూ ఆఖరి వంతు. దారికి కేకు. క్రీము, హంగులు ఏమీ ఉండవు. మైదా, గుడ్లు, వెన్న, పంచదార, కాసిని ఎండుద్రాక్షలు. ఒక పోస్టింగులో పక్క క్వార్టరు గోవా ఆవిడ నేర్పిందట. మూడు రాత్రుల ప్రయాణమైనా చెక్కు చెదరదు, పిల్లలు మారాం చేస్తే ఒక ముక్క విరిచి చేతిలో పెట్టొచ్చు. ఆంటీ దాన్ని "దారి కేకు" అనేవారు.

అంకుల్ రిటైరయ్యాక ఢిల్లీ పక్కన గాజియాబాద్‌లోని ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. స్థిరపడింది వాళ్ళు మాత్రమే. మా బిల్డింగులో సగం ఇళ్ళు అద్దెకిచ్చినవి. పదకొండు నెలల ఒప్పందాలు, కంపెనీ మారేవాళ్ళు, గుర్గావ్‌కి దగ్గరగా ఉండాలని పారిపోయేవాళ్ళు. గేటు దగ్గర ఎప్పుడూ ఏదో ఒక సామాన్ల లారీ ఆగి ఉండేది. ఆంటీకి చేతినిండా పని. వెళ్ళేవాళ్ళు తెలుగువాళ్ళా, పంజాబీలా, పలకరించారా, లిఫ్టులో మొహం తిప్పుకున్నారా అన్న లెక్క లేదు. "ఎల్లేవాళ్ళతో తగువేటే" అనేవారు. మెయింటెనెన్సు మీటింగులో అంకుల్‌ని నోటికొచ్చినట్టు మాట్లాడిన ఒక పెద్దమనిషికి కూడా ఇల్లు ఖాళీ చేసే రోజున కేకు వెళ్ళింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదు.

మా తమ్ముడు కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదివాడు. ఆఖరి ప్రయత్నం కూడా పోయాక పుస్తకాలు పాత కాగితాలవాడికి వేసేసి, ఊరెళ్ళేముందు మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఆంటీ కేకు పొట్లం తీసుకొచ్చి వాడి ఒళ్ళో పెట్టి, "పరీక్ష పోతే పోనీ బాబూ. దారిలో కడుపు మాడకూడదు" అన్నారు. వాడు రైల్లో ఆ కేకు తింటూ ఏడ్చానని చాలా కాలం తరవాత చెప్పాడు.

ఇంత మంచి కేకు చేసే మనిషి పక్కనుంటే ఎవరికైనా నేర్చుకోవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆంటీ కొలత "మూడు కప్పులు మైదా". ఆ కప్పు నిజానికి నీలం అంచున్న తెల్ల పింగాణీ పూత మగ్గు. అంచు దగ్గర పెచ్చు లేచి, లోపలి ఇనుము కనిపించేది. నేను ఇంటికొచ్చి సుమారు అంతే ఉన్న గ్లాసు ఒకటి తీసి, డబ్బాలో ముంచి, మూడు గ్లాసుల మైదా తీసుకుని కేకు చేశాను. అది మధ్యలోకి చీలి, కాళ్ళ పగుళ్ళలా తేలింది. ఆంటీ ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, "ముంచినావు కదూ?" అన్నారు.

మైదాని ముంచి తీయకూడదట. ముంచితే కిందకి నొక్కుకుపోయి, కప్పులో పట్టాల్సినదానికంటే ఎక్కువ పడుతుందట. ముందు డబ్బాలోనే గరిటెతో నాలుగు సార్లు కలిపి గాలి ఆడనివ్వాలి. తరవాత చెంచాతో తీసి, కాస్త ఎత్తునుంచి కప్పులోకి రాలనివ్వాలి. కప్పుని తట్టకూడదు, కుదపకూడదు. నిండాక చాకు వెనకవైపుతో పైనున్నది గీసెయ్యాలి. ఇంత కథ ఉందని నాకేం తెలుసు. నేను బీమా ఆఫీసులో పనిచేస్తాను. లెక్కంటే ఒక అంకె ఉండాలి, అది ఎవరు చూసినా ఒకటే ఉండాలి.

"ఇవన్నీ ఎందుకాంటీ, కప్పుకి ఎన్ని గ్రాములో నెట్లో ఉంటుంది, చూసి తూచుకుంటా" అన్నాను. చూశాను. ఒక చోట నూట ఇరవై అని ఉంది, ఒక చోట నూట పాతిక, ఇంకో చోట నూట నలభై. పైగా ఆ దేశం కప్పు వేరు, ఈ దేశం కప్పు వేరు.

"నెట్టు నా కప్పుని చూసినాదేటి?" అన్నారు ఆంటీ నవ్వుతూ.

అసలు ఆవిడకి తూకం అంటేనే పడదు. అంకుల్ ఉద్యోగమంతా తూకాలే. గోధుమపిండి, పప్పు, పంచదార బస్తాలు దిగడం, తూచడం, విడగొట్టడం, మళ్ళీ తూచడం. రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు. కూరగాయల బండివాడు ముల్లు చూసేలోపే ఆయన వంగి చూసేవారు. "అంకుల్‌జీ, పూరా హై" అని, తూకం సరిగ్గానే ఉందని వాడు, "భయ్యా, దేఖ్‌నే మే క్యా హై" అని, చూస్తే తప్పేంటని ఈయన. ఇంట్లో మాత్రం ఆ పప్పులేవీ ఉడికేవి కావు. చిన్న కాటా ఒకటి కొనుక్కొస్తానని ఎన్నోసార్లు అన్నారట. ఆంటీ వద్దనడమే. "తూచి పెడితే అది రేషనండీ, తిండి కాదు. నా ఇంట్లో డిపో తెరవొద్దు" అనేవారు. ఈ మాట నా ముందే ఎన్నిసార్లు అన్నారో. అంకుల్ కళ్ళజోడు తుడుచుకుంటూ ఊరుకునేవారు.

అలాంటి ఆంటీ కేకులు ఉన్నట్టుండి చెడిపోవడం మొదలుపెట్టాయి. మొదట కాస్త గట్టిగా వచ్చాయి. మైదా మారిందన్నారు. మైదా మార్చాం. వోల్టేజీ అన్నారు. మా గాజియాబాద్ వోల్టేజీ మీద ఏ నింద వేసినా నమ్మొచ్చు కాబట్టి నమ్మాం. ఆవిడది పాతకాలపు గుండ్రటి అల్యూమినియం ఓవెను. దాని తీగ మార్పించారు. అయినా కేకు పొంగదు. పైన చీలుతుంది, లోపల పిండిపిండిగా ఉంటుంది.

ఆ చలికాలం మూడో అంతస్తులో ఉత్తరాఖండ్ కొండల నుంచి వచ్చిన కుమావూనీ అమ్మాయి వాళ్ళకి బదిలీ వచ్చింది. భర్త వైమానిక దళంలో. చంకలో పిల్ల, కడుపులో ఇంకొకరు, ప్రయాణం అస్సాం దాకా. ఆంటీ ముందురోజు కేకు చేశారు. ఇటుక. మళ్ళీ చేశారు. మళ్ళీ ఇటుకే. మర్నాడు ట్యాక్సీ వచ్చే వేళకి ఆవిడ కింద మార్కెట్‌కి వెళ్ళి, రస్కుల ప్యాకెట్లు రెండు కొనుక్కొచ్చి ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు, "అరే ఆంటీజీ, ఇత్నా క్యూఁ" అని, ఇవన్నీ ఎందుకంటూ కాళ్ళకి దండం పెట్టింది. ఆంటీ మాత్రం ట్యాక్సీ మలుపు తిరిగేదాకా నిలబడి, పైకొచ్చి, ఓవెనుకి పాత దిండు గలీబు తొడిగి, అటక మీద పెట్టించేశారు.

"నా చెయ్యి పోనాదే" అన్నారు నాతో. వంట చేసే ఆడవాళ్ళకి ఈ మాట ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. ఆ తరవాత రెండు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. సామాన్ల లారీ చప్పుడు వినబడితే ఆంటీ బాల్కనీ తలుపు వేసేసుకునేవారు.

ఇంతలో మా అమ్మాయికి పుణేలో కాలేజీ సీటు వచ్చింది. నడక నేర్చినప్పటినుంచీ దాని సగం మకాం కింద ఫ్లాటులోనే. అమ్మమ్మ అన్నట్టు ఆంటీని "నానీ" అనేది. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే. సీటు వచ్చిన రోజునే కిందకి వెళ్ళి, "నానీ, మై తో ఆప్‌కా కేక్ లేకే హీ జావూంగీ" అని, కేకు తీసుకునే వెళ్తానని చెప్పొచ్చింది. ఆంటీ దాని తల నిమిరారు తప్ప అలాగే అనలేదు. ఎప్పుడూ లేనిది, ఆ సాయంత్రం మా ఇంటికి తానే వచ్చి, "దానికి బయట కొని ఇచ్చీ తల్లీ. నా వల్ల అవదు. పిల్ల నోటికి ఆ రుచి అలాగే ఉండనీ, పాడు చెయ్యొద్దు" అన్నారు. అంత భయం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

నేను కాస్త మొండిదాన్ని. "ఒక్కసారి నా ఎదురుగా చెయ్యండి, ఎక్కడ తేడా వస్తోందో చూద్దాం" అని పట్టుబట్టి ఓవెను దింపించాను. స్టూలు వేసుకుని వంటింట్లోనే కూర్చున్నాను. ఆంటీ డబ్బాలో మైదా కలిపారు, చెంచాతో తీసి మగ్గులోకి వదలడం మొదలుపెట్టారు. అంతా ఎప్పటిలాగే ఉంది. ఏదో చప్పుడు మాత్రం కొత్తగా వినిపించింది. టక్, టక్, టక్ అని సన్నగా, ఆగకుండా. ఎడమచేతిలోని మగ్గు డబ్బా అంచుకి తగులుతోంది. తగిలిన ప్రతిసారీ మగ్గులోని మైదా కొంచెం కిందకి దిగుతోంది. దిగిన చోట ఆంటీ ఇంకో చెంచా పోస్తున్నారు. అదీ దిగుతోంది. ఇంకో చెంచా.

లేచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. నా చేతిలో అది కొట్టుకుంటూనే ఉంది.

"చలికేలే" అంటూ ఆంటీ చెయ్యి లాక్కున్నారు. అప్పుడు ఏప్రిల్ నెల. ఫ్యాను ఐదులో తిరుగుతోంది.

మిలటరీ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఆవిడని వరండాలో నడిపించి, వెనక్కి తిప్పించి, వేళ్ళు తట్టమని చూసి, పార్కిన్సన్స్ అని చెప్పాడు. తగ్గదు, మందులతో నెమ్మదింపజేయొచ్చు అన్నాడు. వచ్చేటప్పుడు కారులో అంకుల్ కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నారు. ఆంటీయే మాట్లాడారు.

"అయితే నా చెయ్యి పోలేదన్నమాట. చేతికి జబ్బు వచ్చినాది, అంతే కదే?"

"అంతే ఆంటీ" అన్నాను.

"అమ్మయ్య" అన్నారు. నిజంగానే ఆవిడ మొహం తేటపడింది. ఆ జబ్బు పేరు విని అమ్మయ్య అనుకున్న మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు. చేతిలో విద్య పోలేదని తెలిస్తే చాలు ఆవిడకి, చెయ్యి ఏమైపోయినా.

విద్య అయితే ఉంది, కేకు మాట? మగ్గు వణికినంతకాలం కొలత తప్పుతూనే ఉంటుంది. దారి ఒక్కటే. తూకం. మైదా నొక్కుకున్నా, పొంగి ఉన్నా, గ్రాములు మారవు. చెంచాతో పోసినా, చేత్తో పోసినా, సగం బయట ఒలికినా, గిన్నెలో పడిందే లెక్క. నేనే ఒక చిన్న కాటా తెప్పించి పట్టుకెళ్ళాను. ఆంటీ దాన్ని పెట్టెలోంచి బయటకే తీయనివ్వలేదు.

"వద్దు. అదొకటి ఇంట్లోకి తేవద్దని ఇన్నేళ్ళూ ఈయనకి చెప్పి, ఇప్పుడు నువ్వు తెస్తే ఒప్పుకుంటానేటి? పిల్లకి తూచి ఇస్తానా? నా పిల్లకి?"

నేను బతిమాలాను, విసుక్కున్నాను, చివరికి కోపమొచ్చి ఊరుకున్నాను. అప్పటిదాకా హాల్లో పేపరు చదువుతున్నట్టు కూర్చున్న అంకుల్ వంటింటి గుమ్మందాకా వచ్చారు. ఆ ఇంట్లో ఆయన గుమ్మం దాటి వంటింట్లోకి వెళ్ళగా అంతవరకూ నేను చూడలేదు.

"ఒక మాట చెప్తాను, వినీ" అన్నారు ఆంటీతో. "కొండ మీద మాకు కాపలా పోస్టులుండేవి. ఒకదాని పైన ఒకటి. సరుకు కింద నుంచి ఎల్లాల. కింద పోస్టువోడు చేత్తో అందాజాగా తీసుకున్నాడనుకో, ఆడేం దొంగ కాదు, ఆకలితో ఉన్నోడి గుప్పిట పెద్దదవుతాది. అలా ఒక్కో గుప్పిటా పోగా, ఆ చిట్టచివర మంచులో ఉన్నోడికి ఏటి మిగుల్తాది? నేను తూచినది ఆడి కోసమే. మొహం కూడా చూడలేదు ఆడిది. నువ్వు దాన్ని రేషనంటావు. అను. నాకు మాత్రం అది తిండే."

ఇంత మాట ఆయన ఆంటీకి ఎప్పుడూ చెప్పినట్టు లేదు. ఆవిడ ఆయనవైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు. తరవాత ఆంటీ కాటా పెట్టెని ఆయనవైపు తోసి, "తీయండి మరి. మీకే కదా వచ్చు" అన్నారు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఏది తూచాలి? ఆంటీ కప్పుకి ఎన్ని గ్రాములో ఆంటీ చేతికే తెలుసు, ఆ చేతితో నింపితే ఇప్పుడు తప్పుతుంది. నా చేతితో నింపితే అది నా కప్పు. అందుకని ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని, తన చేతిని నా చేతికి నేర్పడం మొదలుపెట్టారు. "ఎత్తు నుంచి. అంత ఎత్తు కాదే, గోడకి సున్నం వేస్తన్నావేటి. ఆఁ, అలాగ. మణికట్టు తిప్పకూడదు. ఊపిరి బిగబట్టుకోవద్దు, చెయ్యి బిగుసుకుపోతాది." నింపిన ప్రతి మగ్గునీ అంకుల్ తూచేవారు. మొదటిది తూచగానే భయంకరమైన అంకె వచ్చింది. కాటాని సున్నాకి పెట్టేటప్పుడు నేను మగ్గు బరువు తీసెయ్యలేదు. అంకుల్ నావైపు చూసిన చూపుకి, ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళ మీద నాకు జాలి కలిగింది.

మగ్గు బరువు పోను నూట అరవై. ఆంటీ మగ్గులోకి చూసి తల అడ్డంగా ఊపారు. ఇంకోటి. నూట నలభై ఎనిమిది. "కాదు, ఇంకా మొద్దుగా ఉంది." నాకు భుజం లాగేస్తోంది. వంటింటి గట్టంతా తెల్లబడింది. నా జుట్టులోకి కూడా ఎక్కింది. మధ్యలో మా అమ్మాయి తొంగి చూసి, "మమ్మీ, బాప్‌రే!" అని పారిపోయింది. చివరికి ఒక మగ్గుకి చాకు గీసి ఆవిడ ముందు పెట్టగానే, ఆంటీ కుర్చీలో ముందుకు వంగారు. వేలితో ముట్టుకోబోయి, వేలు వణుకుతోందని వెనక్కి తీసుకున్నారు.

"ఇదే. ఇదే నాది" అన్నారు.

అంకుల్ తూచారు. నూట ముప్పై రెండు. ఆ అంకెని ఆయన పైకి చదివిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది, ఎవరికో పేరు పెడుతున్నట్టు చదివారు. తరవాత ఆంటీ అడిగి మగ్గు తీసుకుని, తన చేతితోనే ఒకటి నింపారు. టక్ టక్ మంటూనే నిండింది. తూస్తే నూట డెబ్భై. మూడు మగ్గులకి కలిపి వంద గ్రాముల పైనే తేడా. ఇంతకాలం కేకుని ఇటుక చేసింది అదే.

"చూసినావా?" అన్నారు అంకుల్. "ఈ వంద గ్రాములూ నీ తప్పు కాదే. నీ వణుకు."

ఆంటీ కొంగుతో మొహం తుడుచుకున్నారు. కొంగుకీ మైదాయే ఉంది కాబట్టి మొహం ఇంకా తెల్లబడింది. ముగ్గురం నవ్వాం.

మా అమ్మాయి వెళ్ళే ముందురోజు కేకు ఆంటీయే చేశారు. నేను చెయ్యి వేయలేదు, వేయనివ్వలేదు కూడా. కాటా మీద గిన్నె పెట్టి, చెంచా చెంచాగా పోశారు. అంకుల్ పక్కన నిలబడి అంకెలు చదివారు. "మూడు వందల ఎనభై... తొంభై... కొంచెం... బస్!" మూడు కప్పులకి మూడు వందల తొంభై ఆరు. ఓవెను మూత అద్దంలోంచి అది పొంగుతుంటే ఆంటీ టీవీ చూసినట్టు కూర్చుని చూశారు. నిజాముద్దీన్ స్టేషన్‌లో రైలు కదిలిన గంటకే మా అమ్మాయి ఫోన్ చేసింది, నాకు కాదు, ఆంటీకి. "నానీ, ఏక్‌దమ్ సేమ్! బిల్‌కుల్ సేమ్!" అని అది అరుస్తుంటే ఆంటీ ఫోన్‌ని నా చెవి దగ్గర పెట్టి, సోఫాలో కూర్చుండిపోయారు. కూతురు వెళ్ళిపోయిందన్న దిగులు నాకు ఆ రాత్రికి గానీ రాలేదు. పగలంతా ఆ సంతోషంతోనే గడిచింది.

ఆ తరవాత కొన్నేళ్ళపాటు బిల్డింగులో ఏ లారీ ఆగినా వాళ్ళింట్లో ఇద్దరి గొంతులూ వినిపించేవి. ఆవిడ పోయడం, ఆయన చదవడం. "ఇంకో రెండు గ్రాములు" అని ఆయన, "రెండు గ్రాములకి ఏ కొంపా మునగదు, జరగండి" అని ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఇద్దరూ ఒక వంటింట్లో నిలబడ్డారు. బాల్కనీలో బట్టలారేస్తూ ఆ తగువు వినడం నాకు ఇష్టంగా ఉండేది. అంకుల్ గుడ్లు కొట్టడం కూడా నేర్చుకున్నారు. వాటినీ తూచేవారని ఆంటీ నాకు చెప్పి, పొట్ట పట్టుకుని నవ్వారు.

జబ్బు దాని పని అది చేసుకుంటూ పోయింది. నడక చిన్న అడుగులైంది. గొంతు సన్నగిల్లి, దగ్గరికి వంగితేగానీ వినబడేది కాదు. చెంచా నిలవడం మానేసింది. గట్టు మీద సగం, నేల మీద సగం. అంకుల్ గుడ్డ తెచ్చి తుడిచేవారు. నేను వెళ్ళి పోస్తానంటే, "నువ్వు పోస్తే నాకేటుంటాది పని" అని గొణిగేవారు ఆంటీ.

ఆంటీ పోవడానికి కొద్ది రోజుల ముందే ఒక మధ్యాహ్నం, చాలా రోజుల పొగమంచు తరవాత ఎండ కాసింది. ఆంటీ అంకుల్‌ని పిలిచి ఏదో చెప్పారు. ఆయన వంగి విని, "ఎవరూ ఎల్లట్లేదే. లారీ ఏదీ రాలేదు" అన్నారు. ఆంటీ మళ్ళీ ఏదో చెప్పారు. "అయినా చేద్దామంటంది" అన్నారు ఆయన నావైపు తిరిగి. ఎవరూ వెళ్ళకుండా ఆ ఇంట్లో కేకు చేయడం అదే మొదటిసారి.

కుర్చీని వంటింటి గట్టు దగ్గరికి జరిపాం. చెంచా ఇస్తే రెండుసార్లు జారిపోయింది. నేను అటూ ఇటూ చూసి, గోడకి వేలాడుతున్న మైదా జల్లెడ తీసి, అందులో పిండి పోసి, ఆవిడ చేతిలో పెట్టి, కాటా మీద గిన్నెకి పైన పట్టించాను. జల్లెడని మనమైతే అరచేత్తో తట్టాలి. ఆంటీ తట్టనవసరం లేకపోయింది. పట్టుకుంటే చాలు, దానంతట అదే ఆడుతోంది. మైదా సన్నగా, సమంగా, ఒక్క ఉండ లేకుండా రాలుతోంది. ఎన్నేళ్ళ అనుభవమున్న చెయ్యి తట్టినా అంత చక్కగా రాలదు. ఆంటీ నావైపు చూశారు. జబ్బుతో బిగుసుకుపోయిన ఆ మొహంలో నవ్వు కళ్ళ దగ్గర మాత్రమే కనిపించింది.

"వందా" అన్నారు అంకుల్. "నూట యాభై... రెండొందలు..." బాల్కనీ తలుపులోంచి వచ్చిన ఎండ ఆ రాలే పిండి మీద పడుతోంది. "మూడొందలు... మూడొందల యాభై... తొంభై..."

కాటా మీద మూడు వందల తొంభై ఆరు పడింది. నేను అంకుల్ వైపు చూశాను, బస్ అంటారేమోనని. ఆయన కాటా వైపు చూడడం లేదు. ఆంటీ వైపు చూస్తున్నారు. నాలుగొందలు దాటింది. నాలుగొందల ఇరవై. మైదా రాలుతూనే ఉంది, ఆవిడ చెయ్యి ఆడుతూనే ఉంది, జన్మంతా తూచిన ఆ మనిషి ఏమీ అనలేదు. జల్లెడ ఖాళీ అయ్యేదాకా అనలేదు.

కేకు గట్టిగా వచ్చింది. వేడివేడిగా ముగ్గురం తిన్నాం.